లక్ష్యం వేరు, కోరిక వేరు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



"వ్యాపార నిర్వహణలో లక్ష్య నిర్ణయం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి వ్యాపారం గురించి ఏం తెలుసునని మీలో కొందరైనా అనుకొని ఉంటారు. నేనూ ఆ మాటే అన్నాను. దానికి ఆయన, "మీకు తెలిసింది కాదండీ, మీరు పోగొట్టుకున్నది చెప్పండి చాలు" అన్నారు. ఆ మాట నిజమే గనుక ఒప్పుకున్నాను.

మనలో ప్రతి ఒక్కరికీ పదవీ విరమణ రోజున పూలదండతో పాటు కొంత సొమ్ము చేతికి వస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవు నగదు, ప్రావిడెంట్ ఫండు. ఆ నెలలోనే ఇంట్లో ఎవరో ఒకరు "నాన్నగారూ, ఒక వ్యాపారం అనుకుంటున్నాను" అంటారు. కొడుకు కావచ్చు, అల్లుడు కావచ్చు. ఒక్కోసారి ఖాళీగా కూర్చోలేక మనమే అనుకుంటాం. ఆ రోజున మనం అడగవలసిన ప్రశ్నలు ఏమిటన్నదే ఈవేళ నా విషయం. నేను ఆ రోజున అడగలేదు. అందుకే చెబుతున్నాను.

ముందుగా మా ఆఫీసు సంగతి

లక్ష్యం అంటే ఏమిటో నాకు తెలిసింది వ్యాపారంలో కాదు, ఆఫీసులో. 1986లో నేనొక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. నా సీటులో 340 ఫైళ్ళు పెండింగులో ఉన్నాయి. కొత్తగా వచ్చిన అధికారి ఒక మెమో ఇచ్చారు. నెలాఖరుకి ప్రతి సీటులోనూ పెండింగు నిల్ కావాలి, కాకపోతే చర్య తప్పదు అని దాని సారాంశం.

చూడటానికి ఎంత మంచి లక్ష్యం! అంకె ఉంది, గడువు ఉంది. కానీ నెలకు ఇరవై నాలుగు పని దినాలు. రోజూ వచ్చే కొత్త తపాళ్ళు గాక పాతవి రోజుకు పధ్నాలుగు తేల్చాలి. ఒక్కో ఫైలు పాత కాగితాలు తిరగేసి, రూలు చూసి, నోటు పెట్టడానికి గంట పడుతుంది. మేమేం చేశామో ఇక్కడున్న గుమాస్తా మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రతి ఫైలుకూ ఏదో ఒక కొర్రీ వేసి, వచ్చిన చోటికి తిప్పి పంపాం. నెలాఖరుకి స్టేట్‌మెంటులో నిల్ అని రాశాం. అధికారి సంతోషించారు. మేమూ ఊపిరి పీల్చుకున్నాం.

రెండు నెలల తరువాత ఒకావిడ పాతికేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొని నా బల్ల దగ్గరికి వచ్చింది. భర్త మా శాఖలోనే అటెండరుగా చేస్తూ చనిపోయాడు. కుటుంబ పింఛను ప్రతిపాదన వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరు మొదటి అక్షరానికీ, వారసత్వ ధ్రువపత్రంలో ఉన్నదానికీ తేడా ఉందని నేనే కొర్రీ వేసి తిప్పి పంపాను. ఆ తేడాను ఒక చిన్న డిక్లరేషనుతో నేనే సరిచేయించి ఉండవచ్చు. కాని నాకు నెలాఖరుకి నిల్ కావాలి. "బాబూ, మీరే తిప్పి పంపారట, ఏం తప్పు చేశామో చెబితే దిద్దుకుంటాం" అందావిడ. ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణేమో.

ఆ ఏడాదే మాకొక సూపరింటెండెంటుగారు వచ్చారు. ఆయన మెమోలు ఇవ్వలేదు. నా పర్సనల్ రిజిస్టరు తెప్పించుకొని చూసి, "ఏమయ్యా, నిజంగా రోజుకెన్ని తేల్చగలవు?" అని అడిగారు. "అయిదారు" అన్నాను. "సరే, ఆరు. పింఛను కేసులు ముందు, తరువాత తేదీ వరసన పాతవి. ఏ రోజు తపాలు ఆ రోజే చూడు. మిగతా సంగతులు నాకు వదిలెయ్" అన్నారు. తిరిగొచ్చిన ఆ 340 ఫైళ్ళూ నాలుగు నెలల్లో నిజంగా తేలిపోయాయి. ఆవిడ పింఛను మంజూరు ఆ మొదటి వారంలోనే వెళ్ళింది.

మనిషినీ నేనే, సీటూ అదే, ఫైళ్ళూ అవే. తేడా ఎక్కడుంది? మొదటిది అధికారి కోరిక. రెండవది లక్ష్యం. చెయ్యలేని లక్ష్యం పెడితే మనిషి పని ఎక్కువ చెయ్యడు. లెక్క తప్పు రాయడం నేర్చుకుంటాడు. ఇది ఆఫీసుకీ వర్తిస్తుంది, దుకాణానికీ వర్తిస్తుంది, పెద్ద కంపెనీకీ వర్తిస్తుంది.

పుస్తకాలలో ఏముంది

ఈ ప్రసంగం కోసం మా మనుమరాలి కాలేజీ పుస్తకాలు కొంచెం తిరగేశాను. పీటర్ డ్రక్కర్ అనే ఆయన 1954లో "ది ప్రాక్టీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్" అనే గ్రంథంలో లక్ష్యాలను బట్టి నిర్వహణ చెయ్యాలని చెప్పారు. ఆ తరువాత 1981లో జార్జ్ డోరన్ అనే అమెరికన్ ఒక మేనేజ్‌మెంటు పత్రికలో చిన్న వ్యాసం రాసి, మంచి లక్ష్యానికి అయిదు గుణాలు చెప్పారు. వాటి మొదటి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో "స్మార్ట్" అని వస్తుంది. ఫలానాది అని స్పష్టంగా ఉండాలి. కొలవడానికి వీలుండాలి. ఫలానావారు చేస్తారని పేరు ఉండాలి. ఉన్న వనరులతో సాధ్యం కావాలి. ఎప్పటికి అన్న గడువు ఉండాలి.

మా పాత అధికారి మెమోలో ఈ అయిదింట్లో నాలుగు ఉన్నాయి, గమనించారా? స్పష్టత ఉంది, అంకె ఉంది, సీటు పేరు ఉంది, గడువు ఉంది. లేనిదల్లా సాధ్యాసాధ్యాల విచారణ. ఆ ఒక్కటీ లేకపోతే మిగతా నాలుగూ మనిషిని పీడించడానికే పనికివస్తాయి.

మా వాడి కొట్టు

ఇక నా సొంత గొడవ. నేను 2008లో రిటైరయ్యాను. 2009లో మా రెండో అబ్బాయి బస్టాండు దగ్గర కొట్టు పెడతానన్నాడు. నాకొచ్చిన సొమ్ములో 3 లక్షలు ఇచ్చాను, బ్యాంకు అప్పు 2 లక్షలకు హామీ సంతకం పెట్టాను. "లక్ష్యం ఏమిట్రా?" అని అడిగాను. అడగనే లేదని కాదు. "మూడేళ్ళలో మూడు బ్రాంచీలు నాన్నగారూ" అన్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు.

కొట్టులో లేని వస్తువు లేదు. స్టేషనరీ, ఫ్యాన్సీ సామాను, గిఫ్టు బొమ్మలు, గ్రీటింగు కార్డులు, కూల్‌డ్రింకులు, సెల్ రీఛార్జి, ఒక జిరాక్సు మిషను. నెలకు రెండుసార్లు విజయవాడ వన్‌టౌన్ వెళ్ళి సంచులతో సరుకు తెచ్చేవాడు. ఎవరేది అడిగినా లేదనకూడదు అన్నది వాడి సూత్రం. పక్క కొట్టులో ఏది అమ్ముడుపోతుంటే అది తెచ్చేవాడు. కొట్టు ఎప్పుడూ కళకళలాడుతూ ఉండేది. మేమంతా బాగుందనే అనుకున్నాం.

2011 నాటికి హోల్‌సేలు వర్తకులకు 90 వేలు బాకీ. బ్యాంకు వాయిదాలు మూడు తప్పాయి. బ్యాంకు నుంచి ఉత్తరం నా పేరున వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ నన్నొక మాట అడిగింది. "మీ తరువాత నాకు వచ్చేది ఇంతకన్నా తక్కువే కదా, అప్పుడీ వాయిదా ఎవరు కడతారు?" అని. కుటుంబ పింఛను లెక్క ఎన్నో కేసులలో కట్టినవాణ్ణి. మా ఇంటి లెక్క ఆ రాత్రి దాకా కట్టలేదు.

కొట్టును నిలబెట్టింది నేను కాదు, మా కోడలు. ఆ అమ్మాయి బి.కాం. చదివింది. "మామయ్యగారూ, మూడు నెలల బిల్లులు నాకివ్వండి" అని అడిగి తీసుకుంది. ఒక లాంగ్ నోటుబుక్కులో ఒక్కో రకం సరుకుకి ఒక్కో పేజీ కేటాయించింది. ఆ సరుకులో ఎంత డబ్బు ఇరుక్కుంది, నెలకు మిగిలేది ఎంత, ఈ రెండే గడులు. మొత్తం అమ్మకం ఎంతో రాయలేదు. "అమ్మకం ఎంతో రాయలేదేమ్మా?" అంటే "అది చూసే కదండీ మనం మోసపోయింది" అంది.

ఆ లెక్క నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఫ్యాన్సీ, గిఫ్టు సామానులో 1 లక్షా 40 వేలు ఇరుక్కుంది. నెలకు మిగిలేది 2,100. అందరూ సెల్‌ఫోనులో శుభాకాంక్షలు పంపుకుంటుంటే మా వాడి గ్రీటింగు కార్డులు పెట్టెల్లో పసుపు రంగుకు తిరుగుతున్నాయి. కూల్‌డ్రింకుల మీద నెలకు వెయ్యి మిగిలితే ఫ్రిజ్ కరెంటుకే 900 అవుతోంది. రీఛార్జి కోసం కొట్టు నిండా జనం, మిగిలే కమీషను నెలకు 1,200. ఒక మూలన ఉన్న జిరాక్సు మిషను మాత్రం రోజుకు 600 కాపీలు తీస్తోంది. కాపీకి రూపాయి. కాగితం, ఇంకు, మిషను మరమ్మతు పోను 45 పైసలు మిగులు. ఇరవై ఆరు రోజులకు 7,020 రూపాయలు. పుస్తకాల బైండింగు మీద మరో రెండు వేలు.

ఖర్చు ఎంత? అద్దె 4,000, కుర్రాడి జీతం 3,000, కరెంటు వగైరా 1,500, బ్యాంకు వాయిదా 4,500. మొత్తం 13,000. వచ్చేదంతా కలిపితే సరిగ్గా ఆ ఖర్చుకే చాలుతోంది. ఇంటికి చిల్లిగవ్వ లేదు. ఇంటి ఖర్చులకు గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా బాకీ పెరుగుతోంది. ఏ రోజూ ఎవరూ దుబారా చెయ్యలేదు. పగలూ రాత్రీ కష్టపడుతూనే కొట్టు మునిగిపోతోంది.

అప్పుడు పెట్టుకున్నాం నిజమైన లక్ష్యం. నెలకు 13,000 అంటే ఇరవై ఆరు రోజులకు రోజుకు 500. కాపీకి 45 పైసలు చొప్పున 500 రావాలంటే రోజుకు 1,100 కాపీలు. ఆరు నెలల్లో 600 నుంచి 1,100కి వెళ్ళాలి. అంటే నెల నెలకూ రోజువారీ లెక్క 80, 90 కాపీలు పెరగాలి. కొట్టు ఖర్చు కాపీలు భరించాలి, ఇంటి ఖర్చు బైండింగు భరించాలి. అంతే. మూడు బ్రాంచీల మాట ఎత్తకూడదు.

దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటి చేసింది ఆ అమ్మాయి. ఏమేమి చెయ్యకూడదో ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె మీద అంటించింది. ఫ్యాన్సీ సామాను తేకూడదు. కూల్‌డ్రింకులు వద్దు. రీఛార్జి వద్దు. అరువు వద్దు. ఉన్న బొమ్మలూ కార్డులూ నష్టానికే అమ్మేస్తే 85 వేలు వచ్చింది, వర్తకుల బాకీ చాలా మటుకు తీరింది. 55 వేలు నష్టమని మా వాడు రెండు రోజులు అన్నం తినలేదు. ఆ నష్టం ఆ రోజు వచ్చింది కాదు, సరుకు కొన్న రోజే వచ్చింది. ఆ రోజు లెక్కలోకి ఎక్కింది.

తరువాత మా వాడు చేసిందల్లా దగ్గర్లో ఉన్న రెండు జూనియర్ కాలేజీలు, ఒక పాలిటెక్నిక్ చుట్టూ తిరగడమే. ఉదయం ఇచ్చిన నోట్సు సాయంత్రం హాస్టలుకి చేరాలి. రికార్డు పుస్తకం బైండింగు మరునాటికి అయిపోవాలి. పేజీ మసకగా వస్తే డబ్బు తీసుకోకూడదు. పెళ్ళి శుభలేఖల ఏజెన్సీ ఇస్తామని ఒకరు వచ్చారు. మా వాడు కాగితం వైపు చూసి, "ఇప్పుడు కాదండీ" అన్నాడు. ఆ మాట అన్న రోజున వాడు వ్యాపారస్థుడయ్యాడని నా అభిప్రాయం.

ఆరు నెలలు తిరిగేసరికి 1,100 రాలేదు. 950 దగ్గర ఆగింది. మా వాడు నీరుగారిపోయాడు. "ఒరేయ్, 600 నుంచి 950కి వచ్చిందా లేదా? తప్పింది గడువు, దారి కాదు" అన్నాను. ఎనిమిదో నెలలో 1,100 దాటింది. బ్యాంకు వాయిదాలు దారిలో పడ్డాయి.

పాపడాల కథ

ఒక చిన్న జిరాక్సు కొట్టు కథ చెప్పి దీన్నొక సూత్రం అంటున్నానని మీరు అనుకోవచ్చు. అందరికీ తెలిసిన పేరు చెబుతాను. లిజ్జత్ పాపడ్.

1959 మార్చి 15న బొంబాయి గిర్గాం ప్రాంతంలో ఒక భవనం మేడ మీద ఏడుగురు గుజరాతీ స్త్రీలు పాపడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. వారి లక్ష్యం చూడండి. దేశమంతా అమ్మాలని కాదు. ఇంటి పనులయ్యాక మిగిలిన వేళలో, తమకు వచ్చిన ఒక్క పనితో, నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని. మరొకరి దగ్గర దానం తీసుకోకూడదని మొదటే నిర్ణయించుకున్నారు.

మొదట్లో వారు రెండు నాణ్యతల్లో చేసేవారట, చౌకది ఒకటి, మంచిది ఒకటి. వారికి మార్గదర్శిగా ఉన్న ఛగన్‌లాల్ పారేఖ్ అనే పెద్దమనిషి, ఒక్క రకమే చెయ్యండి, దాని నాణ్యత ఎన్నడూ తగ్గించకండి అని సలహా చెప్పారు. మొదటి ఏడాది వర్షాకాలంలో పాపడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద పాపడాలు పరచి, కింద స్టవ్ వెలిగించి ఆరబెట్టారు. పెద్ద యంత్రం కోసం అప్పు చెయ్యలేదు. మొదటి సంవత్సరం అమ్మకం 6,196 రూపాయలు. విరిగిన పాపడాలు ఇరుగు పొరుగులకు పంచేవారు, అమ్మేవారు కాదు.

ఈనాడు ఆ సంస్థలో 45 వేల మందికి పైగా స్త్రీలు సహభాగస్వాములు. ఆ ఏడుగురిలో ఒకరైన శ్రీమతి జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అయితే ఆ సంస్థ కూడా దారిలో తప్పటడుగులు వేసింది. తోలు వస్తువులు, అగ్గిపెట్టెలు, అగరువత్తులు చేసి చూసింది, అవి నిలబడలేదు. నిలబడినవాటిలో పాపడం, దానికి దగ్గర బంధువులైన మసాలాలు, వడియాలు వంటివి ఉన్నాయి. చేతికి అలవాటైన పని చుట్టూ వృద్ధికి చోటుంటుందని దీనివల్ల తెలుస్తున్నది.

సాధ్యమైనదంటే చిన్నదని కాదు

ఇక్కడొక అపోహ తొలగించాలి. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలన్న సామెత విని, పెద్ద పనులు తలపెట్టకూడదని కొందరు అర్థం చేసుకుంటారు. మనలాంటి ఇద్దరు రిటైరు ఉద్యోగుల సంగతి చెబుతాను.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు మదురైలో ప్రభుత్వ కంటి వైద్యులు. యౌవనంలోనే కీళ్ళవాతం వచ్చి చేతివేళ్ళు వంకర్లు తిరిగినా, పట్టుబట్టి శస్త్రచికిత్స నేర్చుకున్నారు. 1976లో 58 ఏళ్ళకు రిటైరయ్యారు. ఇల్లు తాకట్టు పెట్టి 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. నివారించగలిగిన అంధత్వం ఉండకూడదన్నది ఆయన ఆశయం. అది ఆకాశమంత ఆశయమే. కాని రోజువారీ లక్ష్యం మాత్రం నేల మీద ఉంది: ముఖ్యంగా శుక్లాల ఆపరేషను, తక్కువ ఖర్చుతో, ఎక్కువ మందికి. సర్జను ముందు రెండు బల్లలు ఉంటాయి. ఒక రోగికి ఆపరేషను జరుగుతుండగానే రెండవ బల్ల మీద మరొకరిని సిద్ధం చేస్తారు. డబ్బున్నవారు ఇచ్చే ఫీజుతో లేనివారికి ఉచితంగా చేస్తారు. కంటిలో అమర్చే లెన్సు విదేశాల నుంచి తెస్తే ఖరీదు ఎక్కువని, 1992లో ఆరోల్యాబ్ పేర తామే తయారీ మొదలుపెట్టారు. గుండె, ఎముకలు, ప్రసవాలు అంటూ పోలేదు. కన్ను తప్ప మరొకటి ముట్టుకోలేదు. 2006లో ఆయన పోయారు. ఆ ఆసుపత్రి 2019లో మన తిరుపతికీ వచ్చింది.

మరి ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు కదా, మనమెందుకు పెట్టకూడదని ఎవరైనా అడగవచ్చు. ఆయన తాకట్టు పెట్టింది తనకు బాగా తెలిసిన పని మీద, వేల ఆపరేషన్లు చేసిన చేతి మీద. మనం తాకట్టు పెడుతున్నది దేని మీదో ముందు చూసుకోవాలి.

రెండవవారు శ్రీ ఇ. శ్రీధరన్. 1964 డిసెంబరు తుపానులో రామేశ్వరం దగ్గరి పాంబన్ వంతెన కొట్టుకుపోయింది. బాగు చెయ్యడానికి రైల్వేవారు ఆరు నెలల గడువు పెట్టారు. పై అధికారి దాన్ని మూడు నెలలకు తగ్గించారు. యువ ఇంజనీరు శ్రీధరన్ 46 రోజుల్లో పూర్తి చేశారు. సముద్రంలో పడిపోయిన గర్డర్లను వెతికించి, పైకి తీయించి, తిరిగి వాడారు. కొత్తవి వచ్చేదాకా ఆగివుంటే అది సాధ్యమయ్యేది కాదు. చేతిలో ఏముందో చూసుకున్నవాడికి పెద్ద లక్ష్యం కూడా సాధ్యమైన లక్ష్యమే అవుతుంది.

1990లో రైల్వే నుంచి రిటైరయ్యాక ఆయన కొంకణ్ రైలు మార్గం చేపట్టారు. 740 కిలోమీటర్ల పైచిలుకు మార్గం. అయిదేళ్ళన్నారు, మొత్తం మార్గం మీద రైళ్ళు నడిచేసరికి 1998 జనవరి అయింది. మెత్తని మట్టిలో సొరంగాలు కూలి ఆలస్యమైంది. ఆ తరువాత ఢిల్లీ మెట్రోలో పని జరిగే చోట్ల, ఇంకా ఎన్ని రోజులున్నాయో వెనక్కి లెక్కపెట్టే గడియారాలు పెట్టించారు. 65 కిలోమీటర్ల మొదటి దశ 2005 చివరికి, గడువుకన్నా ముందే పూర్తయింది. ఒకచోట గడువు తప్పితే కుంగిపోలేదు, మరొకచోట లెక్క ఇంకా గట్టిగా పెట్టుకున్నారు. మా వాడి ఎనిమిదో నెల గురించి చెప్పినప్పుడు నేను ఉద్దేశించింది ఇదే.

లక్ష్యం మారవలసిన వేళ

లక్ష్యం పెట్టుకున్నాక మార్చకూడదని కొందరంటారు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు కూర్చుంటే వ్యాపారం సాగదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికి మా వాడి కొట్టు రోజుకు 1,800 కాపీలకు చేరింది. కాలేజీలు మూతపడ్డ రోజున లెక్క సున్నా. ఆ రాత్రి కొడుకూ కోడలూ కూర్చొని పాత లక్ష్యం కొట్టేసి కొత్తది రాసుకున్నారు. కొట్టు ఖాళీ చెయ్యకూడదు, కొత్త అప్పు తేకూడదు. ఈ రెండే. ఇంటాయన్ను బతిమాలి సగం అద్దెకు ఒప్పించారు. బ్యాంకు అప్పు అప్పటికే తీరి ఉండటం వల్ల బతికారు. ఆ ఏడాది లాభం లేదు. కాని లక్ష్యం నెరవేరింది. కాలేజీలు తెరిచేసరికి కొట్టు తలుపు తెరిచే ఉంది.

మూడు బ్రాంచీలు ఇప్పటికీ రాలేదు. ఒకే కొట్టు. దాని మీద ఒక కుటుంబం బతుకుతోంది, మనుమరాలు డిగ్రీ చదువుతోంది. కమ్యుటేషన్ కోత నాకు పదిహేనేళ్ళు పడింది. ఆ పదిహేనేళ్ళలో నేను కొనుక్కున్నది ఈ పాఠమని చెప్పుకుంటూ ఉంటాను.

మనం అడగవలసినవి

మిత్రులారా, సొమ్ము అడిగిన పిల్లలను కసిరి పంపించమని నేను చెప్పడం లేదు. ఉద్యోగాలు దొరకని రోజుల్లో వాళ్ళు ఏదో ఒకటి చెయ్యవలసిందే. చెక్కు మీద సంతకం పెట్టే ముందు మాత్రం ఒక తెల్లకాగితం ఇచ్చి, ఈ అయిదింటికి జవాబు రాసి తెమ్మనండి.

ఒకటి: ఎవరికి, ఏమి అమ్ముతావు? ఒక్క వాక్యంలో రాయాలి. రెండో వాక్యం అవసరమైతే ఇంకా ఆలోచన తేలలేదన్నమాట.

రెండు: నెలకు ఖర్చెంత? రోజుకు ఎన్ని అమ్మితే ఆ ఖర్చు వస్తుంది? లక్షల్లో వద్దు, రోజు లెక్కలో రాయాలి. వాయిదా, అద్దెతో పాటు ఇంటి ఖర్చు కూడా అందులో ఉండాలి.

మూడు: ఏమేమి చెయ్యవు? ఈ జాబితా లేనివాడికి లక్ష్యం లేనట్టే.

నాలుగు: ఏ పని ఎవరిది? సరుకు ఎవరు చూస్తారు, లెక్క ఎవరు రాస్తారు? "అందరం కలిసి చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరని మన ఆఫీసు అనుభవం.

అయిదు: ఎంత నష్టం దాకా వచ్చి ఆగిపోతావు? ఈ అంకె మొదలుపెట్టేముందే రాయాలి. మునిగేటప్పుడు ఎవరూ రాయలేరు.

మన వైపు నుంచి కూడా ఒక నియమం ఉండాలి. ఇవ్వగలిగిన మొత్తం ఎంతో ముందే అనుకొని, ఆ మేరకే ఇచ్చి, అది పోయినా నెల గడుస్తుందా అని చూసుకోవాలి. హామీ సంతకం కూడా ఇచ్చినదాని కిందే లెక్క. ఇంటి కాగితాలు, పింఛను జమపడే ఖాతా ఈ లెక్కలోకి రానివ్వకూడదు. అన్నిటికన్నా ముందు ఇంట్లో ఆవిడతో కూర్చొని, మన తదనంతరం ఆమెకు నెలకు ఎంత వస్తుందో చెప్పి, అప్పుడు సంతకం పెట్టాలి. నేను ఆ పని రెండేళ్ళు ఆలస్యంగా చేశాను.

ఆ రోజు నా బల్ల ముందు నిలబడ్డ అటెండరు భార్య ముఖం నాకింకా గుర్తుంది. స్టేట్‌మెంటులో నిల్ అని రాసిన అంకె వెనక ఒక మనిషి ఉందని ఆవిడ నాకు తెలియజేసింది. వ్యాపారం లెక్కల్లో కూడా ప్రతి అంకె వెనకా మన ఇంటివాళ్ళే ఉంటారు. కోరికలు ఎన్నయినా ఉండవచ్చు. లక్ష్యం మాత్రం ఒక్కటే ఉండాలి, చేతికి అందేదై ఉండాలి, రోజూ రాత్రి గల్లాపెట్టె మూసేటప్పుడు ఎంతవరకు వచ్చామో చూసుకునేదై ఉండాలి.

 బయట వరండాలో కాఫీ సిద్ధంగా ఉందట. సందేహాలున్నవారు అక్కడ అడగవచ్చు. మా కోడలు కూడా వచ్చింది. లెక్కల సంగతి నాకన్నా ఆ అమ్మాయే బాగా చెబుతుంది.